బొబ్బిలి యుద్ధం – తరతరాల జ్ఞాపకం

బొబ్బిలిలో యుద్ధం జరిగిన చోట ఒక రాతి స్తంభం నిలిచి ఉన్నది. ఒకప్పుడు అక్కడ ఒక మట్టికోట ఉండేది. 1757వ సంవత్సరం జనవరి 24వ తేదీన తెల్లవారే వేళకు ఆ కోటలో పిల్లాపాపలతో నిండిన ఇళ్లున్నాయి. ఆనాడు పొద్దు గూకేసరికి ఆ ఇళ్లు బూడిదకుప్పలయ్యాయి. కోట కూలింది. కోటను ఏలిన దొర నేలకొరిగాడు.

ఆ యుద్ధం ఒక్క పగలు మాత్రమే సాగింది. దాని కథ మాత్రం రెండున్నర శతాబ్దాలు దాటినా ఆగలేదు. ఇంతకంటే పెద్ద యుద్ధాలు దేశంలో ఎన్నో జరిగాయి. వాటిలో చాలావాటి పేర్లు కూడా సామాన్య జనానికి తెలియవు. మరి ఒక చిన్న సంస్థానంలో జరిగిన ఈ యుద్ధం తెలుగువారి మనసులో ఇంతగా ఎందుకు నాటుకుపోయింది? ఆ జ్ఞాపకాన్ని ఎవరెవరు, ఏయే రూపాలలో నిలిపారు? అందులో దేనిని పదిలపరచుకున్నారు, దేనిని జారవిడిచారు? ఈ ప్రశ్నలకు జవాబు తెలియాలంటే ముందుగా ఆనాటి పరిస్థితులను తెలుసుకోవాలి.

18వ శతాబ్ది నడుమ తెలుగు తీరప్రాంతాన్ని ఉత్తర సర్కారులు అనేవారు. అందులో శ్రీకాకుళం సర్కారు ఉత్తరాన నేటి ఒడిశాలోని గంజాం ప్రాంతం వరకు వ్యాపించి ఉండేది. 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగు ఈ సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. తనకు అండగా నిలిచిన ఫ్రెంచి సేనల ఖర్చు కోసం ఆ ప్రాంతపు పన్నులను వారికి వదిలివేశాడు. ఫ్రెంచివారి సేనాని బుస్సీ. కనుక శిస్తులు వసూలు చేయడం, జమీందారులను అదుపులో ఉంచడం బుస్సీ పనులయ్యాయి.

ఆ ప్రాంతంలో బలవంతుడైన జమీందారు విజయనగర ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు. ఆయనకు పొరుగున బొబ్బిలి సంస్థానం ఉన్నది. దానిని వెలమ దొర రంగారావు ఏలుతున్నాడు. జనం ఆయనను రంగరాయుడు అని పిలుచుకుంటారు. ఈ రెండు సంస్థానాల నడుమ చాలాకాలంగా పొరపొచ్చాలు ఉన్నాయి. పంట పొలాలకు పారే ఏటినీటి కోసం తగాదాలు జరిగేవి. కోడిపందేలలో పుట్టిన పంతం అగ్గికి ఆజ్యం పోసిందని జనశ్రుతి. మొత్తానికి ఇది ఇరుగుపొరుగు వైరం. ఇటువంటి వైరాలు ఆ కాలంలో ఎన్నో ఉండేవి. కొన్నాళ్లు రగిలి, కొన్నాళ్లకు చల్లారేవి.

కాని ఈసారి ఆ వైరంలోకి ఫిరంగులు వచ్చాయి. విజయరామరాజు బుస్సీకి మిత్రుడయ్యాడు. బుస్సీ దివాను హైదరు జంగు ఆయన పక్షాన నిలిచాడు. రంగారావు తన కోటను విడిచిపెట్టాలని, దానికి బదులుగా వేరొకచోట భూములు ఇస్తామని బుస్సీ కబురు పంపాడు. తాతతండ్రులు ఏలిన నేలను వదిలి పొమ్మనడం బొబ్బిలివారికి ప్రాణం తీయడం కంటే పెద్ద అవమానంగా తోచింది. రంగారావు ఒప్పుకోలేదు. ఇంతలో అడవి దారిన పోతున్న బుస్సీ సిపాయిలపై దాడి జరిగింది. ఆ నేరం బొబ్బిలివారిపై పడింది. బుస్సీ తన సేనతో, విజయరామరాజు బలగంతో కలిసి బొబ్బిలిని ముట్టడించాడు.

జనవరి 24న తెల్లవారుతూనే ఫిరంగులు మ్రోగాయి. మట్టిగోడలకు గండ్లు పడ్డాయి. ఆ గండ్ల దగ్గర బొబ్బిలివారు కత్తులతో, బల్లేలతో, తుపాకులతో నిలిచి పోరాడారు. లోపలికి రాబోయిన సైనికులను మళ్లీ మళ్లీ వెనక్కు నెట్టారు. మధ్యాహ్నం దాటేసరికి కోట నిలవదని అందరికీ తెలిసిపోయింది. రంగారావు తనవారిని పిలిచి ఆలోచించాడు. శత్రువుల చేతికి చిక్కి ఆడవారు అవమానం పాలు కారాదన్నది వారి తలపు. వారు ఒక భయంకరమైన నిర్ణయం తీసుకున్నారు. కోటలోని ఇళ్లకు నిప్పు పెట్టారు. స్త్రీలు, పిల్లలు ఆ మంటలలో, తమవారి కత్తులకే బలి అయ్యారు. ఆ తరువాత పురుషులు మళ్లీ గోడల మీదికి వెళ్లి చనిపోయేవరకు పోరాడారు. తుపాకిగుండు తగిలి రంగారావు పడిపోయాడు.

కోటలోకి అడుగుపెట్టిన ఫ్రెంచి సైనికులకు ఎదురుగా కనిపించింది విజయం కాదు, శ్మశానం. వారు నిశ్చేష్టులయ్యారు. అప్పుడు ఒక ముసలివాడు ఒక పసివాణ్ణి తీసుకొని లా అనే ఫ్రెంచి అధికారి దగ్గరకు వచ్చాడు. ఈ బిడ్డ రంగారావు కొడుకని, తండ్రి ఆజ్ఞను మీరి తాను కాపాడానని చెప్పి అప్పగించాడు. ఆ బాలుడే తరువాతి కాలంలో చిన రంగారావు అనే పేరుతో బొబ్బిలి వంశాన్ని నిలబెట్టాడు.

కథ అక్కడితో ముగియలేదు. మూడవనాటి రాత్రి విజయరామరాజు తన డేరాలో నిద్రిస్తుండగా హతుడయ్యాడు. ఆయన శరీరంపై ముప్పైరెండు గాయాలు ఉన్నాయని రాబర్ట్ ఓర్మ్ అనే ఆంగ్లేయ చరిత్రకారుడు రాశాడు. ఈ పని చేసినవాడు రంగారావు బావమరిది, రాజాం కోటకు అధిపతి అయిన తాండ్ర పాపారాయుడు అని తెలుగు కథలన్నీ చెబుతాయి. ఈ విధంగా మూడు రోజులలోనే ఓడినవాడూ పోయాడు, గెలిచినవాడూ పోయాడు.

వారి పోరులో చివరకు లాభపడినవారు ఎవరు? విజయరామరాజు తరువాత గద్దె ఎక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. ఆయన 1758లో విశాఖపట్నాన్ని వారి నుండి పట్టుకొని ఆంగ్లేయులను ఆహ్వానించాడు. కల్నల్ ఫోర్డు సేనతో వచ్చి ఆ ఏడు డిసెంబరులో పిఠాపురం సమీపాన చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించాడు. మరుసటి ఏడు మచిలీపట్నం కూడా ఆంగ్లేయుల వశమయింది. 1765-66 నాటికి ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. ఏటినీటి కోసం, మాటపట్టింపు కోసం తగవులాడుకున్న రెండు సంస్థానాలూ పదేళ్లు తిరగకుండానే మూడవవాడికి కప్పం కట్టవలసి వచ్చింది.

ఇది జరిగిన సంగతి. ఇక దీనిని జనం ఎట్లా గుర్తుంచుకున్నారో చూడవలసి ఉన్నది.

ఈ యుద్ధాన్ని గూర్చి విస్తారంగా రాసిన తొలినాటివారిలో ఓర్మ్ ఒకడు. ఆయన రచనలో ఈ వృత్తాంతం ఉన్న సంపుటం 1778లో వెలువడింది. అది యుద్ధాలను, సేనలను లెక్కపెట్టే గ్రంథం. అయినా బొబ్బిలి దగ్గరకు వచ్చేసరికి ఆ చరిత్రకారుని కలం కాసేపు ఆగి, చలించినట్లు కనిపిస్తుంది. కోటలోని మంటలను, ముసలివాణ్ణి, పసివాణ్ణి ఆయన వివరంగా వర్ణించాడు. కాని రాజును చంపినవారి పేర్లు ఆయన చెప్పలేదు. రంగారావు పడిపోవడం చూసిన నలుగురు సైనికులు కోటలో ఒక మూల దాక్కొని, రాత్రి గోడ దిగి తప్పించుకొన్నారని, రెండు రోజులు పొదలలో పొంచి ఉన్నారని, వారిలో ఇద్దరు డేరాలో ప్రవేశించారని రాశాడు. శత్రువుల శిబిరంలో వారినెవరూ ఎందుకు పట్టుకోలేదు? దానికి ఓర్మ్ చెప్పిన కారణం ఆలోచించదగినది. వారిదీ, విజయనగరం సైనికులదీ ఒకటే భాష. అడిగినవారికి తెలుగులో బదులు చెప్పి వారు సులభంగా దాటిపోయారు. రెండు వైపులా కత్తి పట్టినవారు ఒకే భాషలో అమ్మను పిలిచేవారే అన్న సంగతి ఈ చిన్న వివరంలో బయటపడుతుంది.

ఆంగ్ల గ్రంథం పండితుల చేతిలో ఉండిపోయింది. తెలుగు జనానికి ఈ కథను అందించినవి పాట, పద్యం. 18వ శతాబ్ది చివరి భాగంలో దిట్టకవి నారాయణ కవి 'రంగరాయ చరిత్రము' అనే పద్యకావ్యం రచించాడు. యుద్ధం నాటి పిల్లలు ఇంకా బ్రతికి ఉన్న కాలమది. పాత పురాణగాథలను వదిలి, తమ తరానికి తెలిసిన దొరల కథను కావ్యవస్తువుగా తీసుకోవడం విశేషం. ఇక పాడుకునే కథల్లో పెద్దాడ మల్లేశం పేరుతో ఉన్న 'బొబ్బిలి యుద్ధ కథ' ప్రసిద్ధమైనది. దీనిని తరువాతి కాలంలో చరిత్ర పండితుడు మల్లంపల్లి సోమశేఖర శర్మ పరిష్కరించాడు.

పద్యకావ్యం చదువుకున్నవారిది. పాట అందరిది. ఊరూరా తిరిగే జంగం కథకులు, బుర్రకథ దళాలు బొబ్బిలి కథను భుజాన వేసుకొని మోశారు. పంటలు ఇంటికి వచ్చిన తరువాత ఊరి నడుమ రచ్చబండ దగ్గర దీపాలు వెలిగించేవారు. కథకుడు తంబురా భుజానికెత్తుకొని, వేళ్లకు అందెలు తొడిగి, కాళ్లకు గజ్జెలు కట్టి నడుమ నిలబడేవాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయించేవారు. వారిలో ఒకడు హాస్యం చెబితే, ఇంకొకడు కథకు, కాలానికి ముడిపెట్టి వ్యాఖ్యానించేవాడు. నవ్విస్తూ మొదలైన కథ కోటకు నిప్పు అంటుకునే ఘట్టానికి వచ్చేసరికి జనం కంట తడి పెట్టేది. పాపారాయుడు డేరాలోకి దూరే ఘట్టానికి పడుకున్న పిల్లలు కూడా లేచి కూర్చునేవారు. చదువురాని వారికి చరిత్ర పుస్తకం అదే. ఒక ఊరిలో విన్న కథను తాత మనుమడికి చెప్పేవాడు. ఈ విధంగా బొబ్బిలిని కంటితో చూడని లక్షల మందికి బొబ్బిలి సొంత ఊరువలె పరిచయమయింది.

పాట నోట ఉంటుంది. దానికి తోడు కంటికి కనబడే గుర్తు ఒకటి ఉండాలని బొబ్బిలి ప్రభువులు తలచారు. 1891లో మహారాజా వేంకట శ్వేతాచలపతి రంగారావు యుద్ధం జరిగిన చోట స్మారక స్తంభం నిలబెట్టించాడు. ఆయన తమ సంస్థాన చరిత్రను ఆంగ్లంలో గ్రంథంగా కూడా వెలువరించాడు. యుద్ధానికి, స్తంభానికి నడుమ నూట ముప్పైనాలుగు ఏళ్ల దూరమున్నది. అప్పటికి ఆ యుద్ధాన్ని చూసినవారు ఒక్కరూ మిగలలేదు. చూసినవారు ఉన్నంతకాలం జ్ఞాపకానికి రాయితో పనిలేదు. వారు లేని కాలంలో, వినేవారికి ఇది ఇక్కడే జరిగింది అని వేలెత్తి చూపడానికి ఒక గుర్తు కావాలి.

తరువాత నాటక రంగం ఈ కథను అందుకున్నది. 20వ శతాబ్ది తొలి భాగంలో వేదం వేంకటరాయ శాస్త్రి బొబ్బిలి యుద్ధాన్ని నాటకంగా రచించాడు. అటు తరువాత చలనచిత్రాలు వచ్చాయి. 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' చిత్రంలో ఎన్.టి. రామారావు రంగరాయుడుగా, భానుమతి మల్లమ్మదేవిగా, ఎస్.వి. రంగారావు తాండ్ర పాపారాయుడుగా నటించారు. 1986లో 'తాండ్ర పాపారాయుడు' పేరుతో మరొక చిత్రం వచ్చింది. అందులో కృష్ణంరాజు నాయకుడు. ఈ రెండు పేర్లను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక మార్పు తెలుస్తుంది. మొదటిదానికి యుద్ధం పేరు, రెండవదానికి పగ తీర్చుకున్న వీరుని పేరు పెట్టారు. కాలం గడిచిన కొద్దీ జనం చూపు కోట కూలిన పగటి నుండి డేరా కూలిన రాత్రికి మరలింది.

భాషలో కూడా ఈ యుద్ధం నిలిచిపోయింది. బొబ్బిలి అనే పేరు పెబ్బులి, అనగా పెద్దపులి, అనే మాట నుండి వచ్చిందని చెబుతారు. వెనుకంజ వేయనివాణ్ణి 'బొబ్బిలి పులి' అనడం తెలుగువారికి అలవాటు. ఒక ఓటమి నుండి పుట్టిన మాట ధైర్యానికి పర్యాయపదం కావడం గమనించదగినది.

దీనినిబట్టి ఒక సంగతి అర్థమవుతుంది. బొబ్బిలివారు యుద్ధంలో గెలవలేదు. కోట పోయింది, కుటుంబాలు పోయాయి. కాని జ్ఞాపకంలో వారు ఓడినవారుగా మిగలలేదు. లొంగనివారుగా మిగిలారు. పెద్ద దెబ్బ తిన్న ఏ జనమైనా తలెత్తుకొని బ్రతకాలంటే, తమ దుఃఖానికి ఒక అర్థం చెప్పుకోవాలి. మావారు అన్యాయంగా పోయారు అని ఏడవడం ఒక మెట్టు. మావారు తలవంచక పోయారు అని చెప్పుకోవడం రెండవ మెట్టు. బొబ్బిలి కథ ఆ రెండవ మెట్టు ఎక్కింది. అందుకే అది ఒక వంశానికో, ఒక ఊరికో చెందిన శోకంగా ఆగిపోక, తెలుగువారందరి వీరగాథ అయింది.

అయితే ఈ యుద్ధానికి రెండవ వైపు కూడా ఉన్నది. విజయనగరంలో కూడా దీనికి ఒక జ్ఞాపకం ఉన్నది. కాని దాని రూపం వేరు. అక్కడ వీరగాథకు బదులుగా ఒక ఆడపడుచు దుఃఖం నిలిచింది. ఆ ఊరి గ్రామదేవత పైడితల్లి అమ్మవారు. ఆమె విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ అని జనుల నమ్మకం. బొబ్బిలిపై యుద్ధానికి పోవద్దని ఆమె అన్నను వారించిందని, అన్న వినలేదని, తరువాత ఆయన మరణవార్త విని పెద్దచెరువు దగ్గర ప్రాణాలు విడిచి అమ్మవారుగా వెలసిందని స్థలకథ చెబుతుంది. చెరువులో దొరికిన విగ్రహాన్ని భక్తులు ప్రతిష్ఠించారు.

ప్రతి ఏటా విజయదశమి దాటిన తరువాత వచ్చే మంగళవారం నాడు విజయనగరంలో సిరిమానోత్సవం జరుగుతుంది. పొడవైన మాను చివర అమర్చిన ఆసనంపై పూజారి అమ్మవారి ప్రతిరూపంగా కూర్చుంటాడు. ఆ మానును బండిపై నిలిపి, గుడి నుండి కోట వరకు మూడుసార్లు ఊరేగిస్తారు. ఉత్తరాంధ్ర నుండే కాక, ఒడిశా నుండి కూడా జనం తరలివస్తారు. పసుపుకుంకాలతో, అరటిపండ్లతో మొక్కులు చెల్లించుకొనేవారిలో చాలామంది బొబ్బిలి యుద్ధాన్ని తలచుకోకపోవచ్చు. కాని ఆ పండుగ వేరులో ఉన్న కథ మాత్రం అదే. యుద్ధం వద్దన్న ఒక ఇల్లాలి మాట వినకపోతే ఏమవుతుందో ఆ కథ ఏటేటా గుర్తు చేస్తుంది.

విజయనగరానికి మరొక గాయం కూడా ఉన్నది. అది 1794 జూలై 10న తగిలింది. కంపెనీవారు తమకు రావలసిన పేష్కషు బాకీ పడిందని చెప్పి, చిన విజయరామరాజును రాజ్యం విడిచి మచిలీపట్నం పొమ్మన్నారు. ఆయన పోలేదు. పద్మనాభం దగ్గర కంపెనీ సేనలను ఎదిరించి మరణించాడు. ఆయనతో పాటు ఎందరో దొరలు నేలకొరిగారు. బాలుడైన ఆయన కుమారుణ్ణి నమ్మినవారు కొండప్రాంతానికి తీసుకుపోయి కాపాడారు.

బొబ్బిలి కథ తెలిసినవారికి ఇది కొత్త కథగా తోచదు. నేల విడిచి పొమ్మనడం, పోననడం, ఫిరంగుల ముందు నిలబడి చనిపోవడం, ఒక పసివాడు మిగలడం - అన్నీ ముప్పైఏడు ఏళ్ల క్రితం బొబ్బిలిలో జరిగినవే. ఆనాడు ఫిరంగుల వెనుక ఉన్న సంస్థానం ఈనాడు ఫిరంగుల ముందు నిలిచింది. మరొక సంగతి కూడా ఉన్నది. విజయనగరం జమీందారీ చీలిపోయిన ఆ 1794లోనే చిన రంగారావుకు బొబ్బిలి సంస్థానం తిరిగి దక్కింది. ఒక ఇంటి దీపం ఆరిన ఏడే పొరుగింటి దీపం వెలిగింది. ఆ రెండు దీపాలనూ ఆర్పడం, వెలిగించడం మాత్రం పరాయివారి చేతిలోనికి పోయింది.

చరిత్ర వేరు, జ్ఞాపకం వేరు. ఏమి జరిగింది అని చరిత్ర అడుగుతుంది. సాక్ష్యాలను పోల్చి చూస్తుంది. అందులో మనకు ఏమి కావాలి అని జ్ఞాపకం అడుగుతుంది. కావలసినదానిని పెంచి, అక్కరలేనిదానిని తుంచుతుంది. దీనిని తప్పు అనడానికి వీలులేదు. పాట పాడేవాడు అన్నిటినీ పాడలేడు. కాని వినేవారు మాత్రం పాటలో లేనిది ఏమిటో కూడా ఆలోచించాలి.

బొబ్బిలి కథలో అటువంటివి కొన్ని ఉన్నాయి. కోటలో మంటలకు ఆహుతి అయిన స్త్రీలలో కథ పేరు పెట్టి తలచినది ముఖ్యంగా రాణి మల్లమ్మదేవిని. మిగిలినవారు వందలలో ఒకరుగా కలిసిపోయారు. ఆనాటి నిర్ణయం పురుషుల ఆలోచనలో జరిగినట్లు ఓర్మ్ రచనలో కనిపిస్తుంది. ఆ స్త్రీలు ఏమనుకున్నారో, ఎందరు బ్రతకాలని కోరుకున్నారో ఎవరూ రాయలేదు. అది ఆనాటి మానం, మర్యాదల ప్రకారం జరిగిన పని. దానిని తలచుకొని దుఃఖించవచ్చు. దానిని ఆదర్శమని పిల్లలకు చెప్పడానికి మాత్రం నేటివారికి నోరు రాదు. పిల్లలకు తమ మరణాన్ని గూర్చి నిర్ణయించుకునే అవకాశం అసలే లేదు.

అట్లాగే రెండు వైపులా పోరాడిన సామాన్య బంట్లు, ఫిరంగులు లాగిన కూలీలు, సామాను మోసిన బోయీలు కథలో కనబడరు. వారు పొలాలు విడిచి దొర పిలిచాడని వచ్చినవారు. వారి ఇళ్లలో కూడా ఆ రాత్రి ఎదురుచూపులు ఉండే ఉంటాయి. వారి కోసం ఏ స్తంభమూ లేవలేదు.

అన్నిటికంటే ముఖ్యంగా ఆ ముసలివాడు. పాపారాయుని పేరు తెలియని తెలుగువారు తక్కువ. పసివాణ్ణి ఎత్తుకొని మంటల నుండి బయటకు వచ్చిన ఆ ముసలివాడి పేరును ఓర్మ్ రాయలేదు. పాపారాయుడు పగ తీర్చి వంశపు పరువు నిలిపాడు అంటారు. నిజమే. కాని పరువు నిలవడానికి వంశమంటూ ఒకటి మిగలాలి కదా! దానిని మిగిల్చినవాడు ఆ ముసలివాడు. ఆయన కత్తి పట్టలేదు. ప్రభువు ఆజ్ఞను పాటించలేదు కూడా. అందరూ చావే దారి అనుకున్న వేళ, ఒక బిడ్డ బ్రతకాలి అని అనుకున్నాడు. ఆ బిడ్డ బ్రతికినందువల్లనే 1794లో సంస్థానాన్ని అందుకోవడానికి వారసుడు ఉన్నాడు. ఆ వారసత్వం నిలిచినందువల్లనే 1891లో స్తంభం నిలబెట్టడానికి ఒక ప్రభువు ఉన్నాడు. అనగా ఆ రాతి స్తంభానికి పునాది రాయి వేసినది పేరు తెలియని ఆ చేతులే.

కనుక బొబ్బిలి యుద్ధాన్ని తలచుకునేటప్పుడు మూడు విషయాలను ఒక్కచోట ఉంచుకోవాలి. తమ నేల కోసం తలవంచని ధైర్యం ఒకటి. ఇరుగుపొరుగువారి తగవులోకి మూడవవాడిని పిలిస్తే కలిగే చేటు రెండవది. చావు నడుమ కూడా బ్రతుకును కాపాడాలన్న తలపు మూడవది. మొదటిదానిని బుర్రకథ చెబుతుంది. రెండవదానిని చరిత్ర చెబుతుంది. మూడవదానిని చెప్పడానికి వినేవారే పూనుకోవాలి.

నేడు బొబ్బిలి అనగానే జనానికి వీణ కూడా గుర్తుకు వస్తుంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనసకర్రను తొలిచి వీణలు చేసే శిల్పులున్నారు. యుద్ధంతో పేరుపొందిన ఊరు సంగీత వాద్యంతోనూ పేరుపొందింది. 1979లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు బొబ్బిలి విజయనగరం జిల్లాలో చేరింది. 2022లో జిల్లాలను తిరిగి ఏర్పరచినప్పుడు, పాపారాయుడు ఏలిన రాజాం కూడా అదే జిల్లాలోకి వచ్చింది. ఒకనాడు ఒకరి కోటను ఒకరు కూల్చుకున్న ఊళ్లు ఈనాడు ఒకే జిల్లా బడులకు, ఒకే జిల్లా కచేరీకి చెందినవి. బొబ్బిలివారు సిరిమానోత్సవం చూడడానికి విజయనగరం పోతారు. విజయనగరంవారు బొబ్బిలి వీణను ఇంటికి తెచ్చుకుంటారు.

ఈ రెండు ఊళ్ల నడుమ పగ పోయింది. కథ మిగిలింది. పగను మరచి కథను మరవకుండా ఉండడం ఏ జనానికైనా కష్టమైన పనే. పగను తలచుకుంటూ ఉంటే యుద్ధం ముగియదు. కథను మరచిపోతే చనిపోయినవారు రెండవసారి చనిపోతారు. బొబ్బిలి స్తంభం దగ్గర నిలబడినవారు అక్కడ పోరాడినవారిని తలచుకుంటారు. పోరాడకుండానే పోయిన పసివారిని, వారిలో ఒక్కణ్ణి బయటకు తెచ్చిన ఆ ముసలివాణ్ణి కూడా తలచుకున్నప్పుడే ఆ తలపు నిండుగా ఉంటుంది.